ఆపరేషన్ రొమ్ముకి, జాగ్రత్త పిక్కకి

"గడ్డ తీసేశారు కదండీ, మళ్లీ గడ్డేంటి?" రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఇళ్లలో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. తప్పు వాళ్లది కాదు, మాటది. క్యాన్సర్ కణితినీ గడ్డే అంటాం, చంకలో లింఫ్ నోడ్‌నీ గడ్డే అంటాం, రక్తనాళంలో రక్తం పేరుకున్నా గడ్డే. ఈ వీడియో ఆ మూడోదాని గురించి. అది ఎక్కువగా కాల్లో పుడుతుంది, ప్రాణం మీదికి తెచ్చేది ఊపిరితిత్తుల్లో. అందరి చూపూ ఛాతీ మీది కట్టు మీదే ఉంటుంది కాబట్టి కాలు సంగతి ఎవరికీ తట్టదు.

ఛాతీకి కోత పెడితే కాలికేం సంబంధం? బావి మోటారు తెలుసుగా, దాన్నే గుర్తుపెట్టుకోండి.

[తెరపై: పిక్క కండరం, లోపలి సిర]

కాల్లోని రక్తం గుండెదాకా పైకి ఎక్కాలి. దాన్ని తోసేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది బిగుసుకుని లోపలి సిరను పిండుతుంది. అదే మోటారు. ఎక్కిన రక్తం కిందికి జారకుండా ఆపే కవాటాలే ఫుట్ వాల్వులు. మత్తు ఇచ్చి రెండు మూడు గంటలు పడుకోబెడితే మోటారు ఆగినట్టే. నీళ్లు నిలిస్తే పూడిక మూలల్లోకి చేరుతుంది. రక్తం గడ్డ కూడా చాలాసార్లు కవాటాల వెనక సంచుల్లోనే మొదలవుతుంది.

మోటారు ఆగడమొక్కటే కారణమైతే రోజూ నిద్రపోయే అందరికీ రావాలి కదా. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద మూడు కారణాలు చెబుతారు. రక్తం నిలవడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఆ మూడోదాన్ని క్యాన్సరే తెచ్చిపెడుతుంది. అంటే నీళ్లలోనే బురద ఎక్కువైంది. కీమో కోసం పెట్టిన పోర్టు గొట్టం నాళం గోడను ఒరుసుకుంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర గడ్డ కట్టే ప్రమాదాన్ని సుమారు 2 నుంచి 3 రెట్లు పెంచుతుంది. ఇది విని మాత్ర మానేయకండి, దయచేసి! మామూలు ప్రమాదం చిన్నది కాబట్టి రెట్టింపైనా ఎక్కువమందికి తక్కువే. క్యాన్సర్ తిరిగి రాకుండా ఆ మాత్ర చేసే మేలు పెద్దది. ఆపరేషన్ ముందు కొన్నాళ్లు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

అందరికీ ఒకే ప్రమాదం కాదు. కణితి మాత్రమే తీసి అదే రోజు ఇంటికి పంపితే తక్కువ. రొమ్ము మొత్తం తీసి, పొట్ట కండతో కొత్త రొమ్ము కట్టే పొడవాటి ఆపరేషన్‌లో ఎక్కువ. గడ్డ కట్టే ప్రమాదాన్ని అంచనా వేయడానికి కాప్రినీ స్కోరు అని ఒక పాయింట్ల లెక్క ఉంది. 41 నుంచి 60 ఏళ్లకు 1, క్యాన్సర్‌కు 2, 45 నిమిషాలు దాటే ఆపరేషన్‌కు 2, గతంలో రక్తం గడ్డ కట్టి ఉంటే 3. మీకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ ముందెప్పుడైనా కట్టిందా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అన్నది అడగకపోయినా చెప్పండి. అది చెప్పకపోతే లెక్కే తప్పుతుంది.

మరి ఆగిన మోటారుకి బదులేంటి? ఆపరేషన్ బల్ల మీద కాళ్లకు చుట్టే గాలి సంచుల మెషిన్, అది బయటి మోటారు. మెలకువ వచ్చాక గంటకోసారి పాదాన్ని ముందుకీ వెనక్కీ 10, 20 సార్లు వంచడం, అది చేతిపంపు. డాక్టర్ సరేనన్న వెంటనే లేచి నడవడం, అదే అసలు మోటారు. ప్రేమకొద్దీ "కదలొద్దు, పడుకో" అనే ఇంటివాళ్లే ఇక్కడ తెలియక నష్టం చేస్తారు. గాయంలోని ద్రవం బయటికి పోయే డ్రెయిన్ గొట్టం ఉన్నా నడవొచ్చు. బిగుతు మేజోళ్లు ఇస్తే పైన ముడత పడనివ్వకండి, ముడత తాడులా బిగుస్తుంది.

టైమ్ తక్కువుంది, మిగతాది చకచకా. రక్తం గడ్డ కట్టకుండా ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ రాస్తే నివారణకు మామూలుగా రోజుకు 40 మిల్లీగ్రాములు. బరువు, కిడ్నీలను బట్టి మారుతుంది. బొడ్డుకు 5 సెంటీమీటర్ల దూరంలో చర్మం మడతపట్టి నిలువుగా గుచ్చాలి. ముందే నింపి వచ్చే సిరంజిలో గాలి బుడగ తీయొద్దు, తర్వాత రుద్దొద్దు. పొట్ట కండ తీసిన వాళ్లు ఎక్కడ గుచ్చాలో నర్సును అడగాలి. "రక్తం పల్చబడే మందు" అన్న పేరు నాకు నచ్చదు. అది రక్తాన్ని పల్చన చేయదు, కొత్త పూడిక చేరకుండా ఆపుతుంది. ఉన్న గడ్డను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. అందుకే గడ్డ కట్టినవాళ్లకు కనీసం 3 నెలలు, క్యాన్సర్ ఉంటే తరచు 6 నెలలు ఇస్తారు. వాపు తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

ఆపరేషన్‌కు ముందే రెండు పిక్కల కొలతా రాసిపెట్టుకోండి, మోకాలి చిప్ప కింది ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన. తర్వాత ఒక కాలు రెండోదానికంటే 3 సెంటీమీటర్లకు మించి లావైతే, లేదా నొప్పి, వేడి, రంగు మార్పు ఉంటే ఆ రోజే డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం పారడాన్ని చూసే స్కాన్). మసాజ్ వద్దు. చెయ్యి వాస్తే లింఫ్ వాపేనని (లింఫ్ ద్రవం నిలిచి వచ్చేదని) అనుకోకండి, పోర్టు ఉన్న వైపు గడ్డ కూడా కావచ్చు. ఆపరేషన్ కొత్తలో గడ్డ ఉందేమో చూసే డీ-డైమర్ రక్తపరీక్ష ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, దాన్నిబట్టి తేలదు.

పూడిక ముద్ద ఊడితే పైపు వెంట పైకెళ్లి డ్రిప్ రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. ఆ రంధ్రాలే ఊపిరితిత్తులు. హఠాత్తుగా ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంటికొచ్చి మూడు వారాలైనా సరే. వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట, "ఫలానా తేదీన రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఈ మాత్రలు వాడుతున్నాను."