మినిట్స్ బుక్కులో నా సంతకం

(యూనివర్సిటీ కాలేజీలో ఉపాధ్యాయ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు, తోటి అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. శాలువా కప్పారు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. చాలా సంతోషం.

రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆ ఐదేళ్ల గురించి చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. కానీ స్టేజీ ఎక్కుతుంటే ఈ ఫ్లెక్సీ కనబడింది. ‘ఉత్తమ అధ్యాపక పురస్కారాలు - విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ స్కోరు ఆధారంగా’ అని ఉంది. అది చూశాక ఆ కాగితం చదవాలనిపించడం లేదు. అవార్డు తీసుకోబోయేవాళ్ల మీద నాకేమీ లేదు, వాళ్లు మంచి టీచర్లే అయ్యుంటారు. నా బాధంతా ఆ స్కోరు గురించి.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మ్యాథ్స్ చెప్పడానికి ఒక మేడమ్ ఉండేవారు. కాంట్రాక్ట్ లెక్చరర్. ఏటా రెన్యువల్. బీఎస్సీ రెండో సంవత్సరానికి రియల్ ఎనాలిసిస్ చెప్పేవారు. ఆ సబ్జెక్టు సంగతి మ్యాథ్స్ వాళ్లకు తెలుసు. ఎప్సిలాన్, డెల్టా అనే గుర్తులతో చేసే నిరూపణల దగ్గర సగం క్లాసు చేతులెత్తేస్తుంది. చాలామందిమి ఏం చేస్తాం? థీరమ్ డిక్టేట్ చేస్తాం, ఇది తప్పకుండా వస్తుందని అండర్‌లైన్ చేయిస్తాం. ఆవిడ అలా చేసేవారు కాదు. రోజుకు నలుగురిని బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీస్ చేతికిచ్చేవారు. రాయలేకపోతే తిట్టేవారు కాదు, కూర్చోమనేవారూ కాదు. ‘ఇక్కడిదాకా వచ్చావు కదా, తర్వాత ఏమనిపిస్తోంది’ అని అడిగి, వాడు నోరు విప్పేదాకా ఆగేవారు. క్లాసంతా నిశ్శబ్దం. నేను వరండాలో నడుస్తూ ఆ నిశ్శబ్దం విని, ఈ క్లాసేంటి ఇలా ఉందని రెండుసార్లు అనుకున్నాను. లోపలికి మాత్రం వెళ్లలేదు.

సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఫారం ఇస్తేనే హాల్ టికెట్ అన్నారు. పిల్లలు వరండా గోడ మీద పెట్టుకుని, ఒకరిది చూసి ఒకరు, ఐదు నిమిషాల్లో గీతలు పెట్టేశారు. ఆవిడకు సగటున ఐదుకు 2.8 వచ్చింది. పక్క సెక్షన్‌లో నోట్సు చెప్పే ఆయనకు 4.6.

ఆ తర్వాత జరిగింది మీ అందరికీ అనుభవమే. రెన్యువల్ కమిటీ మీటింగ్. ఐదుగురం. టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. మినిట్స్, అంటే మీటింగ్‌లో ఏం మాట్లాడి ఏం తేల్చామో రాసే కాగితం, ముందే టైపు చేసి బుక్కులో అంటించి ఉన్నాయి. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి, అటెండర్ ఒక్కొక్కరి ముందుకూ జరిపాడు. ‘స్కోరు తక్కువ ఉంది, కొనసాగించడం లేదు’ అని ఒక్క లైను. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. సంతకం పెట్టాను.

నేను సంతకం పెట్టాను. ఆ మాట ఇవాళ మైకులో చెప్పడానికే వచ్చాననుకోండి.

అసలు మనం బోధనను ఎలా కొలుస్తున్నామో ఒక్కసారి చూడండి. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ, 2010లో అధ్యాపకుల పనిని కొలవడానికి ఏపీఐ అనే పాయింట్ల పద్ధతి తెచ్చింది. పేపర్లు, సెమినార్లు, కమిటీలు, అన్నింటికీ పాయింట్లే. పాఠం చెప్పేవాళ్లు సర్టిఫికెట్ల ఫైళ్లు మోసేవాళ్లయ్యారు. 2018 నిబంధనల్లో దాన్ని మార్చి, బోధనకు ఒక లెక్క పెట్టారు. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే ‘గుడ్’. 70కి తగ్గకుండా 80 లోపు ఉంటే ‘శాటిస్‌ఫాక్టరీ’. క్లాసుకు వెళ్లడం ముఖ్యమే, కాదనను. కానీ వెళ్లాక ఆ గంటలో ఏం జరిగిందో ఈ లెక్క చెప్పదు. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ కూడా 2017 నుంచి విద్యార్థుల సంతృప్తి సర్వే పెట్టింది. పిల్లలు చెప్పాలి, చెప్పి తీరాలి. టీచరు క్లాసుకు రాకపోతే, కులం పేరుతో చులకన చేస్తే, ప్రశ్న అడిగితే విసుక్కుంటే, అది చెప్పగలిగేది పిల్లలే. సిలబస్ లోతుగా చెప్పారా లేదా అన్నది మాత్రం ఆ సబ్జెక్టు తెలిసిన మనిషి క్లాసులో కూర్చుని చూడాలి.

అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు ఒకదానిలో ఒక ప్రయోగం చేశారు. పాఠం చెప్పేవాళ్లు ఇద్దరు, ఒక మగ, ఒక ఆడ. మొహాలు కనబడవు కాబట్టి ఒక్కొక్కరూ ఒక గ్రూపుకు సొంత పేరుతో, ఇంకో గ్రూపుకు ఎదుటివాళ్ల పేరుతో చెప్పారు. వర్క్ దిద్ది అందరికీ ఒకే సమయంలో ఇచ్చారు. సకాలంలో ఇచ్చారా అన్న ప్రశ్నకు ఐదు మార్కులకు మగ పేరుకు 4.35, ఆడ పేరుకు 3.55. అది చదివిన రోజు నాకు ఆ 2.8 గుర్తొచ్చింది, రాత్రి నిద్ర పట్టలేదు.

కెనడాలో టొరంటోలోని అప్పటి రయర్సన్ యూనివర్సిటీలో (ఇప్పుడు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ) అధ్యాపకుల సంఘం ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో మధ్యవర్తి తీర్పు ఇచ్చారు. పదోన్నతులకు, ఉద్యోగ భద్రతకు బోధన ఎంత బాగుందో తేల్చడానికి ఈ సర్వే మార్కులు వాడకూడదని. అక్కడ సంఘం నిలబడింది. మరి మన దగ్గర? స్టాఫ్ కౌన్సిల్ ఉంది. సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంది. సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునే అటానమస్ కాలేజీ అయితే, చదువు విషయాలు తేల్చే అకడమిక్ కౌన్సిల్ ఉంటుంది, అందులో హెడ్‌లతో పాటు సీనియారిటీ ప్రకారం వంతులవారీగా నలుగురు అధ్యాపకులకు చోటు ఉంటుంది. కుర్చీలన్నీ ఉన్నాయి. ఆ కుర్చీల్లో కూర్చుని ఫ్రెషర్స్ డే తేదీ గురించి గంట మాట్లాడతాం, ఒక మనిషి ఉద్యోగం గురించి నాలుగు నిమిషాలు కూడా మాట్లాడం. రూల్స్ ఒప్పుకోవంటాం. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఏ ప్రశ్నలుండాలో కౌన్సిల్‌లో చర్చించకూడదని ఏ రూలులో ఉంది? సీనియారిటీయే లేని కాంట్రాక్ట్ వాళ్లను, గెస్టు వాళ్లను పిలిచి మాట వినకూడదని ఎవరు చెప్పారు?

ఆ మేడమ్ వెళ్లిపోయాక, వేసవి సెలవుల్లో ఏదో పాత రికార్డు కోసం స్టోర్ రూముకు వెళ్లాను. ఆ ఫారాల కట్ట పురికొస కట్టి అలాగే ఉంది. విప్పాను. ప్రతి ఫారం అడుగున ‘ఇతర అభిప్రాయాలు’ అని రెండు గీతలు ఉంటాయి. సగటు తీసినవాళ్లెవరూ అవి చదివినట్టు లేదు. చాలావాటిలో ఏమీ రాయలేదు. ఒకదానిలో నీలం ఇంకుతో, ‘మేడమ్ రోజూ బోర్డు దగ్గరికి పిలుస్తారు. చాలా టెన్షన్‌గా ఉంటుంది. కానీ ఇప్పుడు లెక్క నేనే చేసుకోగలుగుతున్నాను’ అని ఉంది. ఆ పిల్లో పిల్లాడో పైన మార్కు ఎంత వేశారో తెలుసా? రెండు. ఆ రెండు సగటులో కలిసింది. ఆ మాట కట్టలోనే ఉండిపోయింది.

ఇక్కడున్న అధ్యాపకుల్ని ఒకటి అడుగుతాను. గత ఏడాదిలో తోటి లెక్చరర్ క్లాసులో, తనిఖీకి కాదు, వినడానికి వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు చేతులెత్తండి. ఫర్వాలేదు, నేను ఆ మేడమ్ ఉన్న కాలేజీలో పనిచేసినంతకాలం ఒక్కసారీ కూర్చోలేదు.

ప్రిన్సిపాల్ గారూ, ఇవాళ మధ్యాహ్నం మీ స్టాఫ్ కౌన్సిల్ మీటింగ్ ఉందని విన్నాను. అతిథిగా వచ్చినవాణ్ణి, నాకు అక్కడ ఓటు లేదు. సభ్యులెవరైనా ఒక అంశం పెట్టండి. సబ్జెక్టు తెలిసిన ఇద్దరు క్లాసులో కూర్చుని, ప్రశ్నపత్రాలు, దిద్దిన పేపర్లు చూసి, ఆ టీచరుతో మాట్లాడి రాసిన నోటు లేకుండా ఎవరి రెన్యువల్ మీదా నిర్ణయం తీసుకోవద్దని. ఒప్పుకోనివాళ్లుంటే వాళ్ల అసమ్మతి కూడా మినిట్స్‌లో రాయండి. మినిట్స్ మీటింగ్ అయ్యాకే టైపు చేయించండి.

రేపు పదింటికి సెకండియర్ వాళ్లకు మ్యాథ్స్ క్లాసు ఉందని నోటీసు బోర్డులో చూశాను. నా రైలు సాయంత్రం. ఆ లెక్చరర్ గారు ఈ హాల్లో ఉంటే, మీరు సరేనంటే, వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటాను. నాతో ఇంకెవరైనా వస్తారా?