కార్లు తగలని ఫ్రాన్స్: డొంక దారుల్లో గ్రావెల్ సైకిల్

[తెర మీద: దక్షిణ బుర్గుండీ మ్యాప్, క్లూనీ ఊరి మీద ఎర్ర చుక్క]

నమస్కారం. గ్రావెల్ సైకిల్ అంటే కంకర, మట్టి దారుల కోసం వెడల్పు టైర్లు వేసిన సైకిల్. "ఫ్రాన్స్ పల్లెల్లో గ్రావెల్ సైకిల్ తొక్కాలి, ట్రాఫిక్ ఉండకూడదు, ఏ వ్వా వెర్త్‌కి వెళ్లాలి?" పారిస్‌లోనో లియోన్‌లోనో ఉంటున్న మనవాళ్లు ఎప్పుడూ అడిగేది ఇదే. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. దాన్ని సరిచేయడానికే ఈ వీడియో.

వ్వా వెర్త్ అంటే మోటారు బండ్లు రాకుండా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ విడిచిపెట్టిన దారి. దేశంలో మొదటిది ఈ దక్షిణ బుర్గుండీలోనే ఉంది: జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు, 1997లో పాత రైలు కట్ట మీద వేశారు. పిల్లలతో వెళ్లడానికి చాలా మంచి దారి. కానీ అది తారు. నున్నటి తారు. పైగా రైలు ఎక్కగలిగిన వాలే కాబట్టి ఎత్తూ ఉండదు, దిగుడూ ఉండదు. ఆదివారం మధ్యాహ్నమైతే స్కేటింగ్ చేసేవాళ్లు, చంటిపిల్లల బండ్లు, గొలుసు సాగదీసుకుంటూ పోయే కుక్కలు. అక్కడ నడిచేవాళ్లదే మొదటి హక్కు, వేగం మనమే తగ్గించాలి. బొడిపెల టైర్లు వేసుకుని అంత దూరం వెళ్లి రోజంతా తారు మీద తిరిగొస్తే, చూస్తున్న మనకే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకొందరు ఫోన్లో రోడ్ బైక్ మోడ్ పెట్టి, అది గీసిన గీతనే నమ్ముతారు. అది తీసుకెళ్లి 'డి' నంబరు రోడ్డు మీద పడేస్తుంది. 'డి' అంటే జిల్లా రోడ్డు. 2018 జులై నుంచి ఇలాంటి రెండు వరసల రోడ్ల మీద వేగం 80, కొన్ని జిల్లాలు మళ్లీ 90కి పెంచుకున్నాయి. ఈ వ్వా వెర్త్ పక్కనే డి981 పోతుంది చూడండి. దాని మీద అరగంట తొక్కితే ఫ్రాన్స్ పల్లె అంటే లారీ గాలి అనుకుంటారు.

మరి ఎక్కడ తొక్కాలి? డొంకలో.

[తెర మీద: గడ్డి చార మధ్యలో ఉన్న రెండు చక్రాల జాడలు]

కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటారు, గోదావరి వాళ్లు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట. పేరేదైనా మీకు తెలిసిందే: రెండు పొలాల మధ్య ఎడ్లబండి పట్టేంత వెడల్పు, ఏ రైతు పట్టాలోనూ ఉండదు, ఊరిది, అందరూ నడవచ్చు. ఫ్రాన్స్‌లో అచ్చం ఇదే ఉంది. పేరు షమాఁ రూరాల్. చట్టం ప్రకారం అది కమ్యూన్ ఆస్తి, జనం వాడుకోవడానికే ఉన్నది. దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి, ఒక్కోటీ మన పంచాయతీ అంత. పల్లె కమ్యూన్లలో దాదాపు ప్రతి దానికీ తన డొంకలు తనకున్నాయి. ఇప్పుడర్థమైందా దారులు ఎన్ని ఉంటాయో? వాటికి బోర్డులుండవు, బ్రోషర్లుండవు. అందుకే ఎవరూ చెప్పరు.

పక్కనే ఇంకో రకం ఉంది, ఇక్కడే చాలామంది తడబడతారు. షమాఁ దెక్స్‌ప్ల్వాతాసియోఁ. మన దగ్గర నలుగురు రైతులు తలా కాస్త వదులుకుని బండి పోవడానికి దారి చేసుకుంటారు కదా, అది. చూడ్డానికి డొంకలాగే ఉంటుంది, కానీ పక్క పొలాల వాళ్లది. బయటివాళ్లు రావద్దని వాళ్లు మూసేయవచ్చు, తప్పేమీ లేదు.

తేడా ఎలా తెలుస్తుంది? మన గ్రామ నక్షాలో డొంక విడిగా కనిపించినట్టే, వాళ్ల కదాస్త్ర్‌లో, అంటే భూమి నక్షాలో, దారి మీదే పేరు రాసి ఉంటుంది: "షమాఁ రూరాల్ నంబరు 7, ఫలానా దారి" అనో, "షమాఁ దెక్స్‌ప్ల్వాతాసియోఁ నంబరు 12" అనో. ఆన్‌లైన్లో ఉచితంగా చూడవచ్చు. ముందు రోజు రాత్రి ఇరవై నిమిషాలు దీనికి పెట్టండి. ఈ ఇరవై నిమిషాలకి మించిన పరికరం లేదు.

ఒక్క మాట: డొంకలోకి ట్రాక్టర్ వస్తుంది. మేయర్ నిషేధించకపోతే జీపు కూడా రావచ్చు. ట్రాఫిక్ లేదంటే అసలు ఏ బండీ కనపడదని కాదు; ఉదయం నుంచి సాయంత్రం దాకా రెండు ట్రాక్టర్లు ఎదురైతే ఎక్కువ. వచ్చినప్పుడు గట్టెక్కి దారివ్వండి, పని వాళ్లది.

[తెర మీద: 1:25,000 మ్యాప్ దగ్గరగా]

ఇక గీయడం. ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వాళ్ల 1:25,000 మ్యాప్ తీసుకోండి, నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. రంగు పూసినవి పెద్ద రోడ్లు, వాటిని అడ్డంగా దాటడమే తప్ప వెంట పోవద్దు. తెగని సన్నటి ఒంటి నల్లగీత పొలం దారి, అడవి దారి: మనకి కావల్సింది. ముక్కలు ముక్కల గీత కాలిబాట. సైకిల్ భుజాన మోయాల్సి రావచ్చు.

తర్వాత అదే దారిని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో, అంటే జనమే కలిసి తయారుచేసే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌లో చూడండి. ట్రాక్‌లకి గ్రేడ్ 1 నుంచి 5 వరకు ఇస్తారు. 1 అంటే తారు, లేదా బాగా గట్టిపడ్డ నేల. 2 కంకర. 3 గట్టి, మెత్త సగం సగం. 4, 5 మట్టి, గడ్డి. 40 మిల్లీమీటర్ల టైరుకి 2, 3 హాయి. 4 వేసవిలో సరే. ముసురు పట్టాక 5 మాత్రం వద్దు, ఎందుకో చెప్తాను.

రెండు డొంకల మధ్య అతుకు దొరకనప్పుడు కమ్యూన్ తారు రోడ్డు వాడండి. 1836 చట్టం వచ్చాక ఊరివాళ్లు పన్ను కింద ఏడాదికి మూడు రోజుల దాకా ఒళ్లు వంచి బాగుచేసిన ఊళ్ల మధ్య దారులే చాలావరకు ఇవి. గంటకి నాలుగైదు కార్లు కూడా రావు. అంటే రోజు దారి ఇలా ఉంటుంది: డొంక, కాస్త చిన్న తారు, మళ్లీ డొంక. మాటల్లో డొంకతిరుగుడు వద్దంటాం కానీ, సైకిల్ మీద అదే కావాలి. క్లూనీ నుంచి కోర్మతాఁకి వ్వా వెర్త్ మీద నేరుగా పోకుండా, తూర్పున 579 మీటర్ల మోఁ సేఁ రొమేఁ గుట్టల మీదుగా తిప్పి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

[తెర మీద: రెండు గుండ్రటి బోర్డులు పక్కపక్కన]

ఈ రెండు బోర్డులు కంఠతా పట్టండి. ఎర్ర అంచు, తెల్లటి లోపలి భాగం, దాని మీద మోటార్ సైకిల్, కింద కారు బొమ్మ: మోటారు బండ్లకే నిషేధం, మనం నిశ్చింతగా పోవచ్చు. అదే ఎర్ర అంచు, లోపల ఏమీ లేదు, ఖాళీ తెలుపు: అన్ని వాహనాలకీ నిషేధం, సైకిల్ కూడా వాహనమే. "ఖాళీగానే ఉందిగా" అని దూరేవాళ్లు చాలామంది. దిగి నడిపించుకుపోండి, లేదా తిరిగిపోండి.

టైర్ల సంగతి. 70 కిలోల మనిషి, 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ అయితే ముందు 2.0 బార్, వెనక 2.2 బార్‌తో మొదలుపెట్టండి. సున్నపురాయి ముక్కలు తేలిన దిగుడులో రిమ్ము తగిలిన టక్‌మనే చప్పుడు వస్తే 0.2 పెంచండి. కంకర మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంటే 0.1 తగ్గించండి. సీలెంట్, అంటే చిల్లులు మూసే ద్రవం, ఒక్కో టైరుకి 60 మిల్లీలీటర్లు, మూడు నెలలకోసారి ఊపి చూడండి, చప్పుడు లేకపోతే ఎండిపోయిందని అర్థం. శరదృతువులో ట్రాక్టర్లు పొదల కంచెలు కత్తిరిస్తాయి, నల్లముళ్ల కొమ్మలు దారి నిండా పడతాయి. ముల్లు దిగితే పీకకండి. చక్రం తిప్పి ముల్లు కిందికి వచ్చేలా పెట్టి, అప్పుడు తీయండి, సీలెంట్ అక్కడికే చేరి మూసేస్తుంది.

ఇప్పుడు గ్రేడ్ 5 ఎందుకు వద్దన్నానో. ఈ నేల చాలా చోట్ల బంకమట్టి. తడిస్తే టైరుకి పట్టుకుని, ఫ్రేముకీ టైరుకీ మధ్య ఉన్న ఆరు మిల్లీమీటర్ల సందు నింపేస్తుంది, చక్రం ఆగిపోతుంది. ఇక్కడ బలం పెట్టి తొక్కారా, వెనక గేర్లు మార్చే డిరైలర్ లోపలికి మడిచిపెట్టుకుపోతుంది. దారి మధ్య గడ్డి చారలోని ముళ్లతీగ కూడా అంతే, చైన్‌తో పాటు పైకెక్కుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క తీగతో హ్యాంగరు (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క), డిరైలరు, రెండు చువ్వలు పోతాయి. కరకరమంటే ఆ క్షణమే తొక్కడం ఆపండి. హ్యాంగరు ఒక్కో ఫ్రేముకి ఒక్కోలా ఉంటుంది, పల్లెలో దొరకదు, అదనంగా ఒకటి సీటు కింద టేపు వేసి ఉంచుకోండి. 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, చైన్ విడదీసే పనిముట్టు, తెగిన చైన్‌ని కలిపే రెండు క్విక్ లింకులు తప్పనిసరి.

టైమ్ దగ్గర పడింది, మిగతావి గబగబా. గేర్లు: ముందు 40 పళ్లు, వెనక 42 దాకా. కంకర ఎత్తులో లేచి నిలబడితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే ఎక్కాలి.

నీళ్లు: ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది, గేటు దగ్గర చూడండి. "ఓ నోఁ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగొద్దు. తిండి: బేకరీలు చాలాచోట్ల సోమవారం మూత, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు గంటలు పల్లెంతా మూత. పదకొండింటికే కొనేసుకోండి.

వేట: ముఖ్యంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా. "షాస్ ఆఁ కూర్", అంటే వేట జరుగుతోంది, అన్న బోర్డు కనిపిస్తే ఆ అడవిలోకి పోకండి. నారింజ రంగు చొక్కా వేసుకోండి. చీకటి పడితే ఊరి బయట మెరిసే జాకెట్ చట్టరీత్యా తప్పనిసరి.

రైలు: సైకిళ్లకి చోటు లేని టీజీవీలో, అంటే హైస్పీడ్ రైల్లో, సైకిల్ విప్పి 130 × 90 సెంటీమీటర్ల సంచిలో పెట్టాలి. సొరంగం: క్లూనీ దక్షిణాన వ్వా వెర్త్ మీదున్న బ్వా క్లేర్ సొరంగం 1.6 కిలోమీటర్లు, గబ్బిలాల కోసం చలికాలమంతా మూసేస్తారు, ఆ నెలల్లో కొండ మీదుగా గీసుకోండి.

ఆఖరుది, గేట్లు. కరెంటు తీగ అడ్డంగా ఉంటే ప్లాస్టిక్ పిడి పట్టుకునే తీయండి, సైకిల్ ఫ్రేము తీగకి తగలనీయకండి. దాటాక కొక్కెం తగిలించి ఒకసారి లాగి చూడండి. అవతల తెల్లటి షరొలే ఆవులు దూడలతో ఉంటాయి, అవి రోడ్డెక్కితే నష్టం ఆ రైతుది.