గుర్రాలు దిగి పడవలెక్కిన మంగోలులు

మంగోలుల దండయాత్ర అనగానే గుర్రాలు, దుమ్ము, బాణాలు గుర్తొస్తాయి కదా! ఇవాళ చెప్పబోయే షియాంగ్‌యాంగ్ కోట ముట్టడిలో గుర్రాలకు పెద్ద పని లేదండీ. ఇది నది మీద దాదాపు ఐదేళ్లు సాగిన యుద్ధం.

దక్షిణ చైనాను అప్పుడు సాంగ్ వంశం ఏలుతోంది. హాన్ నదికి ఒక ఒడ్డున షియాంగ్‌యాంగ్, ఎదుటి ఒడ్డున ఫాన్‌చెంగ్, మధ్యలో పడవల వంతెన. ఈ రెండూ చేజిక్కితే నది వెంట యాంగ్‌త్సేలోకి, అక్కణ్ణుంచి రాజధాని హాంగ్‌జౌ వైపు దారి దొరికినట్టే. ముందు షియాంగ్‌యాంగ్ పట్టమని మంగోలుల ఏలిక కుబ్లయ్ ఖాన్‌కు సలహా ఇచ్చింది సాంగ్ సైన్యం నుంచి ఫిరాయించిన లియు జెంగ్. 1268లో ముట్టడి మొదలైంది. మంగోలులు కూడా పడవలు కట్టి, నదిలో పోరాడటం నేర్చుకున్నారు.

లోపల సేనాని ల్యూ వెన్‌హువాన్. తిండిగింజలున్నాయి గానీ ఉప్పు, కట్టెలు, బట్ట లేవు. జనం ఇళ్లు పీకి పొయ్యిలో పెట్టారు, కాగితపు నోట్లు కుట్టుకుని ఒంటికి చుట్టుకున్నారు. 1272లో సాంగ్ తరఫున జాంగ్ షున్, జాంగ్ గుయ్ అనే ఇద్దరు 3,000 మందితో రాత్రిపూట పడవల్లో దూసుకొచ్చి సరుకు చేర్చారు. షున్ శవం కొన్నాళ్లకు నదిలో తేలింది. తిరిగి బయటపడబోయి గుయ్ కూడా చనిపోయాడు. వీళ్లది మామూలు తెగువ కాదు. ఇక రాజధానిలో పెత్తనమంతా మంత్రి జియా సిదావోది. కీచురాళ్ల పందేల పిచ్చోడని ఆయనకు పేరు.

కోట మెడలు వంచింది మాత్రం పర్షియా నుంచి కుబ్లయ్ పిలిపించిన ఇస్మాయిల్, అలావుద్దీన్. చైనా రాళ్లు విసిరే యంత్రాల తాళ్లను మనుషులు లాగేవాళ్లు. వీళ్లది బరువుతో పనిచేసే యంత్రం: ఒక కొసన బరువు కిందికి పడితే రెండో కొసన బండరాయి లేచి ఎగురుతుంది. అన్నట్టు, ఆ యంత్రాలు చేయించింది మేమేనని మార్కో పోలో చెప్పుకున్నాడు. మన మోటుపల్లి గురించి, కాకతీయ రాణి గురించి రాసిన ఆయనే! కానీ ఆయన కుబ్లయ్ దగ్గరికి చేరింది 1275 ప్రాంతంలో. అప్పటికే కోట పడి రెండేళ్లు.

1273 మొదట్లో వంతెన తగలబెట్టి ఫాన్‌చెంగ్‌ను పట్టారు, లోపలివాళ్లను ఊచకోత కోశారు. తర్వాత యంత్రం షియాంగ్‌యాంగ్ వైపు తిరిగింది. ఒక్క రాయి బురుజుకు తగిలి పిడుగు పడ్డట్టు మోగింది. సైనికులు గోడ దూకి లొంగిపోసాగారు. ప్రాణాలకు హామీ ఇస్తే ల్యూ తలుపులు తెరిచాడు.

ఆయన్ను ద్రోహి అనడం తేలికే. ఐదేళ్లయినా ముట్టడిని తొలగించలేకపోయిన దర్బారును ఏమనాలి మరి? తర్వాత ఆయనే మంగోలులకు దారి చూపాడు. యాంగ్‌త్సే ఒడ్డున చాలా కోటల్లో ఉన్నది ఆయన చుట్టాలు, పాత అనుచరులే. ఒక్కొక్కటే తలుపులు తెరుచుకున్నాయి. 1276లో హాంగ్‌జౌ లొంగింది. అది చూడటానికి జియా సిదావో లేడు. 1275లోనే పదవి పోయి ప్రవాసానికి వెళ్తుంటే, వెంట ఉన్న అధికారే దారిలో చంపేశాడు.