ఉంగరం మోసినవాడు: ఇష్టం లేని వీరుడిపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఆంగ్ల రచయిత టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అనే కాల్పనిక నవల 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. ఒకవైపు మోర్డోర్ అధిపతి సౌరాన్, మరోవైపు తానే ప్రభువు కావాలనుకున్న మాంత్రికుడు సారుమాన్, వారిని ఎదిరించే గోండోర్, రోహాన్ రాజ్యాలు. సౌరాన్ శక్తి అంతా అతడు చేసిన ఒక ఉంగరంలో ఉంది, దానిని మోర్డోర్ అగ్నిపర్వతంలో పడవేస్తేనే అతడు నశిస్తాడు. ఇన్ని శక్తుల నడుమ ఆ భారమంతా ఫ్రోడో అనే హాబిట్ మీద, అంటే పొట్టి మనుషుల్లాంటి జాతివాడి మీద, ఎందుకు పడిందన్నది నేటి చర్చ. మేడమ్, వెనకాడిన వీరుడంటే మనకు ఉత్తర కుమారుడే గుర్తుకొస్తాడు కదా?

అధ్యాపకురాలు: గుర్తుకొస్తాడు గానీ, పోలిక అక్కడితోనే ఆగిపోతుందండీ. ఉత్తరుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కంటబడగానే రథం దూకి పరుగెత్తాడు. ఫ్రోడో ఏనాడూ గొప్పలు చెప్పుకోలేదు. ఎల్ఫ్ జాతి ప్రభువు ఎల్రోండ్ పిలిచిన సభలో పెద్దలంతా మౌనం వహించినప్పుడు, దారి తెలియదని ఒప్పుకుంటూనే ఉంగరాన్ని తాను తీసుకువెళ్తానన్నాడు.

నవలా రచయిత: ఆ మౌనం వెనుక ఒక కారణముంది. ఫ్రోడో ఇవ్వబోయినా మంచి మాంత్రికుడు గాండాల్ఫ్ ఆ ఉంగరాన్ని పుచ్చుకోలేదు. తరువాత ఎల్ఫ్‌ల రాణి గాలాడ్రియెల్ కూడా కాదన్నది. మంచి చేయాలన్న కోరికతోనే తాము నియంతలమవుతామని వారికి తెలుసు. తన నగరాన్ని కాపాడుకోవాలనే గోండోర్ యోధుడు బోరోమిర్ దానిమీద ఆశపడి, చివరికి ఫ్రోడోపైనే చేయి చేసుకోబోయాడు. ఇష్టం లేకపోవడమే అక్కడ అర్హత.

సమన్వయకర్త: అనువాదకులుగా మీరు చెప్పండి, ‘ఉంగరం’ అన్న మాటతో పేచీ ఏముంటుంది?

అనువాదకుడు: మాటతో పేచీ లేదండీ, దానితో మనకున్న జ్ఞాపకంతోనే. మన కథల్లో ఉంగరం ఆనవాలు. హనుమంతుడు అశోకవనంలో సీతకు చూపినది రాముడి గుర్తు. ఉంగరం నీటిలో జారిపోయినందుకు శకుంతల నిండు సభలో తానెవరో నిరూపించుకోలేకపోయింది. ఈ నవలలో అంతా తలకిందులు: ఉంగరం తొడిగిన హాబిట్ మాయమైపోతాడు, దానిని ఏళ్ల తరబడి దాచుకున్న స్మీగోల్ తన పేరు కూడా పోగొట్టుకుని గోల్లమ్‌గా మిగిలాడు. అందుకే నేను ‘ముద్రిక’ అని రాయను.

సమన్వయకర్త: ఇంతకీ ఫ్రోడో గెలిచినట్టా, ఓడినట్టా?

నవలా రచయిత: నా లెక్కలో ఓడాడు. అగ్నికుండం అంచున నిలబడి, ఉంగరాన్ని పారవేయనని చెప్పి, తానే వేలికి తొడిగాడు. గోల్లమ్ ఆ వేలిని కొరికి, ఉంగరంతో సహా కాలుజారి పడబట్టి పని పూర్తయింది. ఫ్రోడోకు ముందు ఉంగరం ఉంచుకున్న అతడి బంధువు బిల్బో, ఫ్రోడో అంతకుముందు గోల్లమ్‌ను దయతలచి వదిలేయకపోతే ఆ ముగింపే లేదు.

అధ్యాపకురాలు: నేను ఒప్పుకోను. నడవలేని ఫ్రోడోను అతడి తోడుగా వచ్చిన సామ్ వీపున వేసుకుని కొండ ఎక్కాడు. అంతవరకు రావడమే ఫ్రోడో శక్తికి మించినది. 1916లో మొదటి ప్రపంచయుద్ధపు సోమ్ యుద్ధరంగాన్ని కళ్లారా చూసిన టోల్కీన్ రాసినది ఇది, ఆ అలసటను తేలికగా తీసిపారేయలేం. పైగా ఉంగరం నాశనమయ్యాక కూడా నవల ఆరు అధ్యాయాలు సాగుతుంది. ఊరికి తిరిగొచ్చాక జరిగిన పోరులో ఫ్రోడో కత్తి దూయలేదు, లొంగిపోయినవారిని చంపనివ్వలేదు. ప్రయాణంలో తనకు గాయమైన తేదీ ఏటా తిరిగిరాగానే జబ్బుపడేవాడు. సామ్ ఇల్లూ పిల్లలతో స్థిరపడుతుంటే, తాను కాపాడిన ఊళ్లో తానుండలేక ఫ్రోడో ఆ లోకాన్నే వదిలి పడమటి సముద్రం దాటే ఓడ ఎక్కాడు.