థేమ్స్ గట్టు నుంచి లండన్

సభకు నమస్కారం.

పురుడు పోయడానికో, మనవలను చూసుకోవడానికో, పిల్లలతో నాలుగు నెలలు గడపడానికో రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చిన తల్లిదండ్రులే ఈ హాలులో ఎక్కువమంది కనిపిస్తున్నారు. లండన్‌ను మీకు పరిచయం చేయమని నిర్వాహకులు అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకొన్నాను. శని, ఆదివారాల్లో పిల్లలు మిమ్మల్ని రాజభవనానికి, పెద్ద గడియారం దగ్గరికి, టవర్ బ్రిడ్జికి ఎలాగూ తీసుకువెళతారు. అవి చూడదగ్గవే, వాటి గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ ఊరిని థేమ్స్ నది దగ్గర మొదలుపెట్టి చూడండి, మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ మాట నాకు తట్టింది మా నాన్నగారి వల్ల. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఆయన, మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద నిలబడి, పార్లమెంటు భవనం వంక చూడకుండా కిందికి వంగి, "ఇదేమిట్రా, పొద్దున తూర్పుకు పారిన నది ఇప్పుడు పడమరకు పారుతోంది?" అని అడిగారు. సముద్రపు పోటు ఈ ఊరి నడిబొడ్డును దాటి, పడమటి అంచున ఉన్న టెడ్డింగ్టన్ దాకా ఎక్కుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ రెంటికీ మధ్య నీటిమట్టంలో తేడా ఒక్కోసారి 7 మీటర్ల దాకా ఉంటుంది, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. క్రీ.శ. 50 ప్రాంతంలో రోమన్లు ఇక్కడ ఊరు కట్టడానికి కారణం కూడా అదే: సముద్రపు ఓడలు పోటు మీద లోపలికి రాగలిగిన చోటే, నదికి వంతెన వేయడానికి వీలైన గట్టినేల వారికి దొరికింది. నేటి లండన్ బ్రిడ్జి కూడా దాదాపు ఆ తావులోనే ఉంది. 1209లో అక్కడ పూర్తయిన రాతి వంతెన ఆరు వందల ఏళ్లకు పైగా నిలిచింది. 1750లో వెస్ట్‌మినిస్టర్ వంతెన వచ్చే వరకు నగరం నడిమధ్యన నది దాటడానికి అదొక్కటే దారి. తక్కినవారంతా పడవవాళ్లను నమ్ముకోవలసిందే.

పాటు వేళ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు ఎదురుగా, దక్షిణపు గట్టున నిలబడి చూడండి. నీరు వెనక్కి తగ్గిన చోట గులకరాళ్ల మధ్య తెల్లని పుల్లల్లాంటివి కనిపిస్తాయి. అవి మట్టితో చేసిన పొగాకు గొట్టాల ముక్కలు. ఎన్నో తరాల పడవవాళ్లూ కూలీలూ పొగ తాగి, విరిగినవాటిని పారేయగా మిగిలినవి. రేవు అధికారుల అనుమతి పత్రం లేకుండా వాటిని తీయకూడదు. మెట్లు పాచిపట్టి ఉంటాయి, పోటు కూడా చాలా వేగంగా ఎక్కుతుంది కనుక, మీ వయసువారు గట్టు మీది నుంచే చూడాలని నా మనవి.

ఇక నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు చెబుతాను. ఎంబాంక్‌మెంట్ స్టేషన్ పక్కనున్న తోటలో, పూలమడుల నడుమ, పైన సింహాల బొమ్మలతో ఒక రాతి ద్వారం ఉంది. దాని మెట్లు కిందికి దిగి గడ్డిలో ఆగిపోతాయి. 1626 ప్రాంతంలో ఒక డ్యూక్ తన భవనం నుంచి నేరుగా పడవ ఎక్కడానికి కట్టించుకున్న రేవు ద్వారం అది. ఆనాడు ఆ మెట్లను నది తాకేది. ఇవాళ నది అక్కడికి సుమారు 140 మీటర్ల దూరంలో ఉంది.

నది అంత దూరం జరగలేదు, మనుషులు జరిపారు. ఊరి మురుగంతా థేమ్స్‌లో కలుస్తుంటే, అదే నది నీటిని తాగిన రోజులవి. 1854లో సోహో పేటలో కలరా సోకి కొద్ది వారాల్లోనే ఆరు వందల మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అందరూ నమ్ముతున్న కాలంలో, డాక్టర్ జాన్ స్నో ఇంటింటికీ తిరిగి లెక్కలు తీసి, బ్రాడ్ వీధి చేతిపంపు నీళ్లే కారణమని చూపించి, దాని పిడి ఊడదీయించాడు. అయినా పెద్దలు కదిలింది 1858 వేసవిలో, నది కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికి వచ్చినప్పుడే. ఇంజినీరు జోసెఫ్ బాజల్జెట్ సుమారు 132 కిలోమీటర్ల ఇటుక సొరంగాలు తవ్వించి, మురుగును ఊరికి తూర్పున దూరంగా తరలించాడు. ఆ సొరంగాల కోసమే నది అంచును పూడ్చి, 1870లో ప్రారంభమైన విక్టోరియా గట్టును కట్టాడు. ఆ గట్టు మీద చెట్ల నీడన మీరు నడుస్తుంటే, మీ కాళ్ల కింద మురుగు కాలువా, భూగర్భ రైలూ రెండూ సాగుతుంటాయి. ఆయన స్మారకం మీద లాటిన్‌లో "నదికి సంకెళ్లు వేశాడు" అని చెక్కారు. మా నాన్నగారు దాని ముందు చేతులు కట్టుకొని చాలాసేపు నిలబడ్డారు. ఆ సొరంగాలు నేటికీ పనిచేస్తున్నాయి. చాలనిచోట సాయంగా 25 కిలోమీటర్ల కొత్త సొరంగం 2025లో పూర్తిగా అనుసంధానమైంది.

పిల్లలు ఆఫీసులకు వెళ్లినప్పుడు ఇంట్లోనే కూర్చోకండి. బస్సు ఎక్కండి. బస్సుల్లో నగదు తీసుకోరు, కార్డు తాకిస్తే చాలు. ఒకసారి చెల్లిస్తే గంటలోపు ఎన్ని బస్సులైనా మారవచ్చు. నది దగ్గర ఎండాకాలంలోనూ చలిగాలి వీస్తుంది, శాలువా మరవకండి.

ఆ గట్టుకు దగ్గర్లోనే, వైట్‌హాల్‌లో, ఒకప్పుడు ఫైఫ్ హౌస్ అనే భవనం ఉండేది. మన అమరావతి స్తూపం శిల్పాలు ఈ ఊరు వచ్చాక కొంతకాలం ఆ భవనం బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. కైఫీయత్తుల, అంటే ఊళ్ల చరిత్రల సేకరణ, వల్ల మనకు తెలిసిన కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపాన్ని చూశాడు. 1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. రాళ్లు మద్రాసు చేరి, 1859లో ఓడల మీద లండన్‌కు వచ్చాయి. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం, 33ఏ గది. వాటిని మన నేల మీదే చూడవలసిందన్న బాధ నాకు ప్రతిసారీ కలుగుతుంది, అయినా వెళ్లకుండా ఉండలేను. అక్కడ ఒక పల్నాటి సున్నపురాతి పలక ఉంది. దానికి ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఖాళీ ఆసనాన్నీ, బోధివృక్షాన్నీ కొలిచే భక్తులను చెక్కారు. దాదాపు మూడు వందల ఏళ్ల తరవాత మరో తరం శిల్పులు అదే పలకను తిప్పి, రెండో వైపున స్తూపాన్నే, గోపురంతో, ప్రాకారంతో, చుట్టూ చేరిన జనంతో సహా చెక్కారు. కూలిపోయిన ఆ స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసేది అలాంటి పలకల వల్లనే.

వచ్చే బుధవారం ఉదయం పదిన్నరకు మాంటేగ్యు ప్లేస్ వైపు ద్వారం దగ్గర నేను ఉంటాను. అమరావతి గదికి ఆ దారే దగ్గర. మోకాళ్ల నొప్పులున్నవారికి లిఫ్టు ఉంది, మెల్లగానే నడుద్దాం. అక్కడి నుంచి బస్సులో నది దగ్గరికి వెళ్లి, గడ్డిలో దిగే ఆ మెట్లను చూద్దాం.