చర్మానికి కుట్లేశారు, లోపల తెగిన టెండాన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) సంగతేంటి?

మొన్నటి వీడియో కింద కామెంట్లలో ఒకటే గొడవ. గాజు పెంకు గుచ్చుకున్న 3 ఏళ్ళ పాపకి 2 కుట్లేసి పంపేశారు. నెలలు గడిచాక చూస్తే వేలు మడతపడట్లేదు. తప్పు డాక్టరుదా, తల్లిదండ్రులదా అని కొట్టుకుంటున్నారు. నన్నడిగితే తప్పంతా ఒక్క ప్రశ్నది. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లని "ఏదీ, వేలు మడువు బుజ్జీ" అని అడిగారు చూడండి, ఆ ప్రశ్నది!

ఏడ్చే పిల్ల ఏ వేలూ మడవదు. "నొప్పిలే" అనుకుంటాం. ఒకవేళ కాస్త మడిచినా నమ్మకూడదు. బొటనవేలు తప్ప ప్రతి వేలికీ మడిచే టెండాన్లు రెండుంటాయి. కొసదాకా వెళ్ళే టెండాన్ తెగినా, రెండోది మధ్య కణుపుని వంచేస్తుంది. "కదులుతోందిగా" అని ఇంటికి పంపేస్తారు!

అడగొద్దండీ, చూడండి! పిల్ల నిద్రపోయినప్పుడు అరచెయ్యి చూడండి. చూపుడు వేలు కొంచెం వంగుతుంది, మధ్య వేలు ఇంకాస్త, చిటికెన వేలు అన్నిటికన్నా ఎక్కువ. మెట్లు మెట్లుగా. అందులో ఒక్క వేలు కర్రలా చాపుకుని ఉందా? గాయం గోరంతే ఉన్నా సరే, చేతి సర్జన్ దగ్గరికి పరుగెత్తండి. ఆయన మణికట్టుని మెల్లగా వెనక్కి వంచుతారు. మిగతా వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, తెగిన వేలు మాత్రం రాదు. ఇది మీరు ఇంట్లో చేయకండి.

పక్కనే నరం కూడా ఉంటుంది, మర్చిపోకండి. గాయం మానాక, నీళ్ళలో ఎంతసేపు నానినా ఆ వేలి కొస ఒక్కటే ముడతలు పడకుండా నున్నగా ఉంటే నరాన్ని అనుమానించాల్సిందే.

అనుమానం తీరకపోతే మత్తిచ్చి గాయం తెరిచి చూడాల్సిందే. తొలిరోజుల్లో అయితే తెగిన కొసలు రెండూ కలిపి కుట్టేయొచ్చు. నెలలు పోతే చెయ్యి వైపున్న కొస అరచేతిలోకి జారిపోతుంది, టెండాన్ నడిచే గొట్టం పూడుకుపోతుంది. అప్పుడు చాలామందికి ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, కొన్ని నెలలాగి, వేరేచోటి టెండాన్ తెచ్చి అతకాలి. 2 ఆపరేషన్లు, ఆ పసి చేతికి!

"ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్ళకి కొద్దిరోజులకే వేళ్ళు కదిలిస్తారు, పిల్లలకి 3-4 వారాలు మోచేయి పైదాకా పిండికట్టు ఎందుకు?" అన్నారొకరు. ఆ వయసులో ఎవరి మాట వింటారండీ? ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే లోపలి కుట్టు పుటుక్కున తెగుతుంది. పెద్దల్లా పిల్లల వేళ్ళు అంతగా బిగుసుకోవు కూడా.

ఇవాళ రాత్రి మీ పిల్లలు నిద్రపోయాక, ఏ గాయం లేని ఆ చేతినే ఒకసారి చూడండి. ఆ మెట్లు కనిపించాయో లేదో కింద రాయండి.