కమిషన్ వచ్చింది, మొదటి డ్రిల్‌కు వెళ్తున్నాను

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. అమెరికా ఆర్మీ రిజర్వులో, అంటే బయట ఉద్యోగం చేసుకుంటూనే సైన్యానికి సేవలందించే విభాగంలో, ఇరవై రెండేళ్లు నర్సు అధికారిగా పనిచేసి, లెఫ్టినెంట్ కర్నల్‌గా పదవీ విరమణ చేసిన మేడమ్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోను డాలస్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. నేను ఐసీయూ నర్సును. పోయిన నెలలో ఆర్మీ రిజర్వులో సెకండ్ లెఫ్టినెంట్‌గా కమిషన్, అంటే అధికారి హోదా, వచ్చింది. వచ్చే నెల మొదటి డ్రిల్, అంటే నెలనెలా యూనిట్‌లో ఉండే రెండు రోజుల శిక్షణ. సరిగ్గా ఆ శని, ఆదివారాలే నాకు డ్యూటీ పడింది. మా మేనేజర్‌ను అడిగితే, నీ బదులు చేసే మనిషిని నువ్వే వెతుక్కో అన్నారు. ఇద్దరిని అడిగాను, కుదరదన్నారు. గొడవ పెట్టుకోవాలని లేదు.

అతిథి: ముందుగా అభినందనలమ్మా. గొడవతో పని లేదు, కాగితంతోనే పని. రిజర్వు సైనికుల ఉద్యోగాలను కాపాడటానికి 1994లో యూసెర్రా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం మీ బదులు మనిషిని వెతకడం ఆసుపత్రి బాధ్యత, మీది కాదు. మీరు కూడబెట్టుకున్న సెలవులు వాడుకోమని బలవంతం చేయడానికీ లేదు. మీరు చేయాల్సింది ముందుగా తెలియజేయడం. నోటిమాట చాలని చట్టం అంటుంది. అయినా మీరు రాసే ఇవ్వండి. యూనిట్‌లో ఏడాది డ్రిల్ తేదీల పట్టిక అడిగి తీసుకుని, ఈ రాత్రికే మీ మేనేజర్‌కు ఈమెయిల్ పంపండి. డ్యూటీలు వేసేటప్పటికి ఆ తేదీలు వారి కళ్ల ముందు ఉండాలి.

శ్రోత: అప్పటికీ వినకపోతే?

అతిథి: రక్షణ శాఖలో ఈఎస్‌జీఆర్ అనే విభాగం ఉంది. వాళ్ల మధ్యవర్తులు యజమానితో ఉచితంగా మాట్లాడి నచ్చజెబుతారు. చాలా తగవులు అక్కడే తీరిపోతాయి. ఆ మేనేజర్ చెడ్డవారని మాత్రం అనుకోకండి. ఐసీయూలో ఒక నర్సు తగ్గితే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుందో మీకూ తెలుసు.

శ్రోత: ఇంకొక భయం మేడమ్. నర్సింగ్ వచ్చు గానీ సైన్యం సంగతులేవీ తెలియవు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు నాకు సెల్యూట్ చేస్తారట.

అతిథి: వాళ్లు సెల్యూట్ చేసేది కమిషన్‌కు. తిరిగి సెల్యూట్ చేయండి, తర్వాత వాళ్ల దగ్గర నేర్చుకోండి. మొదటి డ్రిల్ రోజు ఒక సీనియర్ సార్జెంట్ నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, బయట నడిచేటప్పుడు సంచి ఎడమ చేతిలో పట్టుకోండి, కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి" అన్నారు. నలుగురిలో చెప్పలేదు. ఆ మర్యాద నేనెన్నడూ మరిచిపోలేదు. తెలియనిది అడిగే లెఫ్టినెంట్‌ను సార్జెంట్లు కడుపులో పెట్టుకుని చూసుకుంటారు.

శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో మీకు అధికారుల శిక్షణ ఉంటుంది. పరుగు ఇప్పటినుంచే మొదలుపెట్టండి. దేహదారుఢ్య పరీక్షలో రెండు మైళ్ల పరుగు, బరువు ఎత్తడం, మోచేతుల మీద ఒళ్లు నిటారుగా నిలిపే ప్లాంక్ అన్నీ ఉంటాయి.

వ్యాఖ్యాత: సైన్యం వేసే గుడారపు ఆసుపత్రిలో నర్సింగ్ వేరుగా ఉంటుందా మేడమ్?

అతిథి: రోగి శరీరం ఒకటే, చుట్టూ ఉన్నదే వేరు. జనరేటర్ హోరులో స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడదు. అప్పుడు మణికట్టు మీద నాడి పట్టుకుని, బీపీ పట్టీకి గాలి కొట్టి మెల్లగా వదులుతాం. నాడి మళ్లీ వేలికి తగిలిన చోటే పై అంకె. కింది అంకె దొరకదు. ఉన్నదానితోనే నిర్ణయం తీసుకోవాలి. ఐసీయూలో తెర మీద అంకెలు చూడటానికి అలవాటు పడ్డ మీరు, రోజుకు ఒక్కసారైనా వేళ్లతో చూడటం సాధన చేయండి.

కాగితాల విషయంలో మన వాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంటి పేరు. పాస్‌పోర్టులో ఒక తీరు, పెళ్లి ధ్రువపత్రంలో ఇంకో తీరు, నర్సింగ్ లైసెన్సులో మరో తీరు. భర్తనూ పిల్లలనూ సైనిక కుటుంబాల జాబితాలో చేర్చేటప్పుడు ఆ తేడాలన్నీ బయటపడతాయి. ముందే సరిచేసుకోండి. ట్రైకేర్ అనే సైనికుల ఆరోగ్య బీమా దానంతట అదే రాదు, మీరే దరఖాస్తు చేసుకోవాలి. జీవిత బీమా 5,00,000 డాలర్ల వరకు ఉంటుంది. ఆ డబ్బు ఎవరికి చెందాలో మీ చేతులతో మీరే నమోదు చేయండి. రాయడానికి మనసు రాదు, నాకు తెలుసు. అయినా రాయాలి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయి కూడా అక్కడే ఆర్మీ రిజర్వులో నర్సుగా చేరింది. నెలకు రెండు రోజులు, ఏడాదికి రెండు వారాలే అమ్మా అంటుంది. నిజమేనా? యుద్ధానికి పంపరు కదా?

అతిథి: మామూలు రోజుల్లో అంతేనమ్మా. కానీ పిలుపు వస్తే వెళ్లాల్సిందే. రిజర్వు నర్సులు ఇరాక్‌కు వెళ్లారు, అఫ్గానిస్తాన్‌కు వెళ్లారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎనభై అయిదు మంది చొప్పున వైద్య బృందాలు కట్టి న్యూయార్క్, న్యూజెర్సీ ఆసుపత్రులకు పంపారు. మీకు అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వలేను.

శ్రోత: (కాస్త ఆగి) తను అక్కడెక్కడో ఉన్నప్పుడు ఇక్కడ వాళ్ల నాన్నకు ఏదైనా అయితే ఎలాగండీ? ఆయన గుండె జబ్బు మనిషి.

అతిథి: అందుకు దారి ఉందమ్మా. అమెరికన్ రెడ్ క్రాస్‌కు ఫోన్ చేస్తే వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి నిజమని నిర్ధారించుకుని, కబురు నేరుగా ఆమె పై అధికారికి చేరుస్తారు. అర్ధరాత్రి అయినా సరే. మీ అల్లుడు గారు చేసినా ఫరవాలేదు. మీ అమ్మాయి పూర్తి పేరు, హోదా, పుట్టిన తేదీ, యూనిట్ పేరు ఒక కాగితం మీద రాసి ఫోను పక్కనే పెట్టుకోండి. మీ వారికి వైద్యం చేసే డాక్టరు గారి నంబరు కూడా.

శ్రోత: ఒక్క నిమిషం ఉండండమ్మా, కలం తెచ్చుకుంటాను.